కంచానికి అడ్డం పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘చాలు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా అమ్మ చెవికి చేరేది కాదు. నాన్న అన్నా, ఇంటికొచ్చిన చుట్టం అన్నా, నేనన్నా గరిటె ఆగేది కాదు. ఇంకొక్కటి, ఇంకాస్త, ఈ ఒక్క ముద్ద అంటూ కంచం నింపుతూనే ఉండేది. మెతుకు మిగిలిస్తే అన్నం ఏడుస్తుందని చెప్పేది. అన్నం ఏడుస్తుందన్న భయంతో తినేదాన్ని, తిన్నాక కడుపు బరువెక్కి నేనే ఏడ్చేదాన్ని. ఈ ముక్క చెప్పగానే నా ఈడు వాళ్లు ముఖం చిట్లిస్తారు. కన్నతల్లి పెట్టిన అన్నానికి వంకలు పెడతావా అంటారు. పెడతాను. అరవై దాటాయి, ఇక నాకు ఎవరి మెప్పూ అక్కర్లేదు.

మేముండేది నాచారంలో, ఫ్యాక్టరీల వెనక రేకుల ఇళ్ల వరుసలో. నాన్న బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. యంత్రంలో విరిగిపోయిన బిస్కెట్లను వారానికోసారి సంచుల్లో పోసి పనివాళ్లకు చవగ్గా ఇచ్చేవాళ్లు. శనివారం సైరన్ మోగిన కాసేపటికి నాన్న సైకిలు వెనక ఆ సంచీ కట్టుకుని వచ్చేవాడు. అమ్మ వాటిని పెద్ద రేకు డబ్బాలో పోసి, నా చేతికి అందకుండా పై అలమారలో పెట్టేది. ఆ డబ్బాయే మా ఇంటి బహుమతుల పెట్టె. కంచం ఖాళీ చేస్తే గుప్పెడు బిస్కెట్ ముక్కలు. ఏడుపు మానితే గుప్పెడు. దవాఖానాలో సూది వేయించుకుంటే రెండు గుప్పెళ్లు. కడుపు పట్టనంత అన్నం తిన్నందుకు బహుమతిగా మళ్లీ తిండే పెట్టడం ఏమిటని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అమ్మను మాత్రం తప్పుగా అనుకోకండి. నాకంటే ముందు ఆమెకో కొడుకు పుట్టాడు. రెండేళ్లు నిండకుండానే పోయాడు. బక్కగా ఉండేవాడట. అంతకు మించి నాకు ఎవరూ చెప్పలేదు. గోడకు ఫొటో కూడా లేదు. నేను పుట్టాక అమ్మ నన్ను ఎత్తుకున్న ప్రతిసారీ నా జబ్బలు పిసికి చూసుకునేదని నాన్న చెప్పేవాడు. కండ పట్టిందా లేదా అని ఆమె దిగులు.

పట్టింది. తొమ్మిదేళ్లొచ్చేసరికి బాగానే పట్టింది. మా వరుసలో పిల్లలు నన్ను బస్తా అని పిలిచేవాళ్లు. బడికి నడిస్తే రొప్పు వచ్చేది. ఖోఖో ఆడేటప్పుడు ఇటు జట్టు వాళ్లూ, అటు జట్టు వాళ్లూ నన్ను వద్దనేవాళ్లు, చివరికి గీతల దగ్గర నిలబెట్టి తప్పొప్పులు చూడమనేవాళ్లు. అదీ భరించాను. భరించలేనిది ఉప్పల్‌లో మా దూరపు చుట్టాల ఇంట్లో పెళ్లినాడు జరిగింది. పంక్తిలో కూర్చున్న నా బుగ్గ ఒకావిడ గట్టిగా గిల్లి, విస్తట్లో ఇంకో రెండు బూరెలు వేసి, ఆ వేసే చేత్తోనే నన్ను చూపిస్తూ, రేపు ఈ పిల్లను పీటల మీద కూర్చోబెడితే పీటలు ఆగుతాయా అంది. పంక్తి పంక్తంతా నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. ఏం చేయాలో తెలియక నవ్విందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు.

ఆ మర్నాటి నుంచి తినడం మానేశాను. ఇంట్లో మానితే అమ్మ ఊరుకోదు కాబట్టి దొంగతనంగా మానేశాను. బడికి కట్టిచ్చిన అన్నం దారిలో కుక్కలకు పెట్టేశాను. పొద్దున పెట్టినదాన్ని గౌను జేబులో కుక్కుకుని పెరట్లో పారేశాను. సాయంత్రానికి ఆకలి తట్టుకోలేక, అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు స్టూలెక్కి డబ్బా దించి, మంచం కింద దూరి చీకట్లో బిస్కెట్లు మింగేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు. తిన్నందుకు సిగ్గు, సిగ్గు పోవడానికి మళ్లీ తిండి. నాలుగో రోజో అయిదో రోజో బడిలో ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి పడిపోయాను.

దవాఖానాలో డాక్టరు, పిల్ల ఉండవలసినదానికంటే బరువుంది, తిండి తగ్గించమన్నాడు. ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మ ఆయన మాట ఒక్కటీ నమ్మలేదు. నీరసంతో పడిపోయిన పిల్లకు తిండి తగ్గించడమేమిటని దారి పొడుగునా ఆయన్ని తిడుతూ ఇంటికొచ్చి, ఆ పూట నెయ్యి వేసి మరో రెండు ముద్దలు ఎక్కువ కుక్కింది. ఒకరు తీసెయ్యమంటారు, ఒకరు కుక్కుతారు. మధ్యలో నాకు ఆకలిగా ఉందో లేదో అడిగిన మనిషి లేదు.

ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది మా మేనత్త. నాన్నకు అక్క. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో చేరకుండా, మా పక్క గదే అద్దెకు తీసుకుని, ఇనుప సామాన్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వడ్డించే పనిలో కుదిరింది. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనికి పోయేది. ఆమెతో మాటకు మాట పెట్టుకునే ధైర్యం మా వరుసలో మగవాళ్లకు కూడా ఉండేది కాదు. ఆ శనివారం నాకు ఒంటిపూట బడి. దాని ఒంట్లో ఎట్లుందో నేను చూసుకుంటానని చెప్పి, అమ్మ ఒప్పుకునేలోపే నా చెయ్యి పట్టుకుని క్యాంటీన్‌కు తీసుకుపోయింది.

ఆ క్యాంటీన్ ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంటుంది. పొగ పట్టిన రేకుల కప్పు, పొడుగాటి సిమెంటు గట్టు, గట్టు వెనక అన్నం గంగాళం, చారు గంగాళం. నన్ను తన పక్కన బోర్లించిన నూనె డ్రమ్ము మీద కూర్చోబెట్టి ఆట ఒకటి పెట్టింది. వచ్చేవాళ్లను చూసి ఎవరు ఎంత తింటారో నేను ముందే చెప్పాలి. నాలుగు సరిగ్గా చెబితే సాయంత్రం నాకేది కావాలంటే అది కొనిస్తుంది. సంబరపడ్డాను. ఇంత తేలిక ఆట ఉంటుందా అనుకున్నాను.

మొదట గోడంత మనిషి వచ్చాడు. వీడు గంగాళం ఖాళీ చేస్తాడన్నాను. రెండు గరిటెలకే చెయ్యి అడ్డం పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత చీపురుపుల్లలాంటి వెల్డరు వచ్చాడు. ఒక్క గరిటె అన్నాను. మూడుసార్లు లేచి వచ్చి, ఆఖరికి మజ్జిగకు కూడా అన్నం అడిగాడు. ఒక ముసలాయన బాగా తింటాడనుకుంటే సగంలో ఆపేశాడు. నిన్న ఇదే మనిషి నాలుగు గరిటెలు తిన్నాడని అత్త నవ్వింది. పంక్తి అయిపోయేసరికి నాలుగు కాదు కదా, రెండు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పుడు గమనించాను, అత్త ఎవరి ఒళ్లూ చూడటం లేదు, ఎవరి ముఖమూ చూడటం లేదు. కంచం మీద చెయ్యి ఎప్పుడు అడ్డం వస్తుందా అని ఆ చెయ్యినే చూస్తోంది. అది వచ్చిందంటే గరిటె అక్కడే ఆగేది, ఇంకొంచెం వేయించుకోమన్న మాట కూడా లేదు.

గంగాళాలు కడిగాక నా ఎదురుగా కూర్చుని చెప్పింది. “ఇన్నేండ్ల సంది వడ్డిస్తున్న బిడ్డా, ఒళ్లు జూసి ఒక్కనాడు గూడ చెప్పలేకపోయిన. ఎవని కడుపు వానికే ఎరుక. గందుకే చెయ్యి అడ్డం పెట్టినోని కంచంల ఎయ్య. గీడ కూలోని చెయ్యికి ఇజ్జత్ ఉన్నది. నీ చెయ్యికి లేదా?”

నేను తల ఊపి, ఇక నుంచి రోజూ అడ్డం పెడతానన్నాను. ఆ వంకతో అసలు తినడమే మానెయ్యొచ్చన్న నా ఎత్తు ఆమె పట్టేసింది. కోపానికి అడ్డం పెట్టే చెయ్యి, సిగ్గుకు అడ్డం పెట్టే చెయ్యి దొంగ చెయ్యి అని, అట్లాంటి చెయ్యే సాయంత్రం మంచం కింద బిస్కెట్ల డబ్బాలో దూరుతుందని అంది. మంచం కింద సంగతి ఆమెకెలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఆకలైతే దొర లాగా కంచం ముందు కూర్చుని అడిగి తినమంది. సగం తిన్నాక కాసిని నీళ్లు తాగి, ఊపిరి తిరిగేదాకా ఆగి, ఇంకా కావాలా అని కడుపునే అడగమంది. కావాలంటే పెట్టించుకో, వద్దంటే అడ్డం పెట్టు. ఒకసారి పెట్టాక మాత్రం ఎవరు చెప్పినా తియ్యొద్దు. పెద్దవాళ్ల ముందు కంచానికి చెయ్యి అడ్డం పెట్టే ఆడపిల్లను ఆ రోజుల్లో పొగరుబోతు అనేవాళ్లు. అంటే అననీ అంది.

ఆ సాయంత్రమే పెట్టాను. అమ్మ పొయ్యి దగ్గర, నేను పీట మీద, అత్త గుమ్మంలో. బెండకాయ వేపుడుతో తిన్నాను. నీళ్లు తాగాను. ఆగాను. మొదటిసారి తెలిసింది, కడుపు నిజంగానే చెబుతుందని. అమ్మ పప్పు గిన్నె, అన్నం తెచ్చింది. ఎంగిలి చెయ్యి కంచం మీద పరిచాను. తియ్యమంది. తియ్యలేదు. వేస్తే అదే చెయ్యి తీస్తుందిలే అనుకుని, అమ్మ గరిటె వంచింది. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పప్పు. నా చెయ్యి మీదే పడింది. చర్మం చురుక్కుమంది, కళ్లలో నీళ్లు జలజలా కారాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. పెంకితనమో, భయమో, క్యాంటీన్‌లో కూలివాళ్ల చేతులు కళ్ల ముందు ఉండటమో, ఏదైతేనేం, తియ్యలేదు.

అమ్మ గరిటె విసిరేసి బిందెలోని నీళ్లన్నీ నా చేతి మీద కుమ్మరించింది. ఒడిలోకి లాక్కుని ఊదింది. ఆ తర్వాత అత్త మీద విరుచుకుపడింది. నా బిడ్డ మనసు విరిచావని, తిండి పెట్టే తల్లికి ఎదురు తిప్పావని, నీకు పిల్లలుంటే తెలిసేదని అనకూడని మాట కూడా అంది. అంత నోరున్న అత్త అలా నిలబడి వినడం నేను అంతకు ముందు చూడలేదు. తిట్టి తిట్టి అమ్మ గొంతు మారిపోయింది.

“వాడు గూడ చాలనే అన్నడు వదినె. చాలమ్మా, చాలమ్మా అనుకుంటనే పోయిండు. నేను వాని మాట ఇంటిని. పెట్టకపోతిని.”

అత్త వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. “వాడు జరం తోని పోయిండు. నేను ఆడనే ఉన్న గద. నువ్వు పెట్టక పోలేదు. పెట్టలేదన్నోళ్ల నోట్లె మన్ను వడ.”

పసివాడు పోయిన రోజు ఇంటికొచ్చిన వాళ్లలో ఎవరో, తల్లి సరిగ్గా పెట్టలేదు, అందుకే నిలవలేదు అన్నారట. ఆ మాట మోసుకుని అమ్మ అన్నేళ్లూ నా కంచంలో వడ్డిస్తూ వచ్చింది. ఆ సంగతి ఆ సాయంత్రం నాకు సగమే అర్థమైంది. అమ్మ అత్త భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే, కాలిన చెయ్యి పట్టుకుని నేనూ ఏడ్చాను.

మర్నాటి నుంచి అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. చాలా రోజులు అమ్మ గరిటె పట్టుకుని నా కంచం దగ్గర అలా ఆగి నిలబడేది. వెయ్యాలని ఆమె చెయ్యి కొట్టుకులాడేది. ఒక రోజు మాత్రం గరిటె గిన్నెలో పెట్టి, “ఆకలైతుందా?” అని అడిగింది. నేను పుట్టాక ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. అత్త రేకు డబ్బాను పై అలమార నుంచి కిందికి దించింది. ఇక నుంచి బిస్కెట్లు బహుమతి కాదు, అన్నంతో పాటే, కంచంలో పచ్చడి పక్కన నాలుగు ముక్కలు అంది. అమ్మకు అది పిచ్చిపనిలా అనిపించింది. మొదట్లో ముందు బిస్కెట్లే తినేసి కంచం వైపు చూసేదాన్ని. కొన్నాళ్లకు అవి చారులో నాని మెత్తబడుతుంటే పట్టించుకోవడం మానేశాను. పక్కింటి కోళ్లు బలిశాయి. ఆదివారాలు అత్త నన్ను వెంటబెట్టుకుని ఉప్పల్ అంగడికి నడిచిపోయేది. నీకు కావలసిన కూరగాయ నువ్వే ఏరుకో, నువ్వు ఏరినదే వండుతాం అనేది. అలా ఏరుకుని తెచ్చిన వంకాయను వద్దనడం ఎలా? తినేదాన్ని. బరువు తగ్గడానికి పరుగెత్తమని ఆమె నన్ను ఒక్కసారి కూడా అనలేదు, సంచీ మోయమనేది.

సన్నబడ్డావా అని అడుగుతారు. ఈ కథ ఎక్కడ చెప్పినా మొదటి ప్రశ్న ఇదే. సన్నబడలేదు. ఎముక పెద్దది, ఇప్పటికీ నిండుగానే ఉంటాను. రొప్పు పోయింది, ఖోఖోలో పరుగెత్తాను, డాక్టర్లు కంగారు పడటం మానేశారు. మంచం కింద దూరడం మానేశాను. నాకు అది చాలు. ఎవరికైనా చాలకపోతే అది వాళ్ల బాధ.

ఇన్నేళ్ల తర్వాత ఈ కథ ఇప్పుడు ఎందుకంటే, మా మనవరాలి కోసం. ఉప్పల్‌లో మెట్రో కనిపించే ఫ్లాట్‌లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. అత్త వడ్డించిన ఆ క్యాంటీన్ స్థలంలోనూ ఇప్పుడు అపార్టుమెంట్లే. మనవరాలికి కూడా తొమ్మిదేళ్లే. బడిలో పిల్లలను తూచి, బరువు ఎక్కువని ఇంటికి కాగితం పంపారు. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేసే నా కొడుకు ఆ రాత్రే ఏ పూట ఏం తినాలో, ఎంత తినాలో పట్టిక ఒకటి తయారుచేసి ఫ్రిజ్‌కు అంటించాడు. వారమంతా పట్టిక ప్రకారం తింటే ఆదివారం పిజ్జా అన్నాడు. మా రేకు డబ్బాయే, కాస్త రంగు మారింది.

వాడినొక్కణ్ణే అనడం కూడా న్యాయం కాదు. ఆ పిల్లకు రెండేళ్లప్పుడు సెల్‌ఫోన్‌లో బొమ్మలు పెట్టి, అటు చూస్తుంటే నోట్లో ముద్ద మీద ముద్ద పెట్టింది నేనే. చూసుకోకుండా నోరు తెరిచేది, గిన్నె ఖాళీ అయ్యేది, నాకు గొప్పగా ఉండేది. చెయ్యి అడ్డం పెట్టే సందు కూడా దానికి ఇవ్వలేదు. అంత నేర్చుకున్నదాన్ని నేనే మరిచిపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అందుకే ఆ పట్టిక తీసి కొడుకు చేతిలో పెట్టాను. ఏం కొనాలి, ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి, ఫోను ఎక్కడ దాచాలి, సాయంత్రం దాన్ని ఎక్కడ ఆడించాలి, ఇదంతా మన పని, కూర్చుని ఎంతైనా రాసుకో అన్నాను. ఎంత తినాలన్నది దాని పని, అక్కడ నీ కలం ఆపు అన్నాను. వాడు, తిండి అదుపులో పెట్టమని పిల్లల డాక్టరమ్మ చెప్పిందన్నాడు. డాక్టరు దగ్గరికి నేనూ వచ్చి ఇదే చెబుతానన్నాను. వెళ్లాం, చెప్పాను. ఆ డాక్టరమ్మాయి ఓపిగ్గా విని, పూటపూటా తూచి పెట్టొద్దు, మీరు చెప్పినట్టే చేసి చూడండి, రెండు నెలలకోసారి తీసుకురండి అంది. ఆ తర్వాత ఓ ఆదివారం చుట్టాలు వచ్చారు. వాళ్లలో ఒకావిడ మా మనవరాలి బుగ్గ గిల్లి, పెళ్లి మాట ఎత్తింది. ఆ పిల్ల ఒంటి గురించి మాట్లాడేటట్లయితే చాయ్ తాగి బయల్దేరమన్నాను. చాయ్ తాగకుండానే బయల్దేరారు. మళ్లీ రాలేదు. నాకు ఫికరూ లేదు.

మొన్న శనివారం దానికిష్టమని బగారా అన్నం వండాను. పొద్దున్నుంచి నిలబడి, మోకాళ్లు పీకుతున్నా వండాను. ఒకసారి వేయించుకుని తింది, నీళ్లు తాగింది, బడిలో జరిగినదేదో వాళ్ల నాన్నకు చెబుతోంది. నేను రెండో గరిటె పట్టుకెళ్లాను. నా వైపు చూడకుండానే, మాట ఆపకుండానే, చెయ్యి కంచం మీద పరిచింది. నాకు కోపం వచ్చింది. నిజమే చెబుతున్నాను, కోపమే వచ్చింది. నీ కోసమే కదా ఇంత చేశాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిరి పోతున్న గరిటె దాని చేతికి జానెడు ఎత్తులో ఉంది. గరిటె పట్టుకున్న నా చేతి మీద, అప్పట్లో పప్పు పడి కాలిన తెల్లని మచ్చ ఉంది.

ఆ జానెడు దూరం మా అమ్మకు ఎంత కష్టమైందో ఆ నిమిషం తెలిసింది. గరిటె వెనక్కి తీసుకెళ్లి గిన్నెలో పెట్టి, మూత వేశాను. మనవరాలు చెయ్యి తీసి, మిగిలిన నాలుగు మెతుకులు తింటూ తన కథ చెప్పుకుంటూనే ఉంది.